మెట్ల వంతు పలక

యుస్రా సామాను రోడ్డు మీద పడేసిన రోజు నేను కిటికీ తెర వెనక నిలబడి చూశాను. చూశాను, అంతే. కిందికి దిగలేదు.

వాన పడుతోంది. గ్లాస్గోలో వాన ఓ సంగతి కాదు గానీ ఆ రోజు పరుపు మీద పడింది కాబట్టి చెబుతున్నా. పరుపు, బియ్యం డబ్బా, ఆడపిల్లలిద్దరి బడి సంచులు, ఓ కెటిల్. కెటిల్లో ఇంకా నీళ్లున్నాయి. యుస్రా సూడాన్ నుంచి ప్రాణాలరచేత పట్టుకుని వచ్చిన మనిషి, ఆసుపత్రిలో నేలలు తుడుస్తుంది. మా మెట్లంటే ఒకే మెట్లదారికి కుడీ ఎడమా ఒకదాని మీద ఒకటిగా ఉన్న ఇళ్లు; వాటిల్లో అన్నిటికంటే పై ఇంట్లో, ఎడమ పక్క ఉండేది.

ఇంటి ఓనరు ఓర్మిస్టన్. అతన్ని మేమెవ్వరం చూడలేదు. చూసేదల్లా అతని ఏజెంటు పెటిగ్రూనే. పెటిగ్రూ గొడుగు కింద నిలబడి అన్నాడు: "గోడ నిండా చెమ్మ చేసి నల్ల బూజు పట్టించారు. ఒకే గదిలో ముగ్గురు ఊపిరి పీలిస్తే గోడలేం కావాలి?"

"ఊపిరి బయటికెళ్లి పీల్చి రమ్మంటారా సారూ?" అంది యుస్రా.

వీధిలో ఎవరో నవ్వారు. నవ్వారే గానీ ఒక్కరూ కదల్లేదు. నేను తెర మూసేసి పొయ్యి తుడిచాను. తుడిచిన పొయ్యినే మళ్లీ తుడిచాను.

నాకు భయం. నా మొగుడు ఓడలు కట్టే రేవులో వెల్డరుగా చేసేవాడు. యూనియన్‌లో గట్టిగా మాట్లాడాడని ఒకసారి పనిలోంచి తీసేశారు, ఆ తర్వాత ఈ ఊళ్లో ఏ రేవూ అతన్ని గేటు దాటనివ్వలేదు. అప్పట్నించీ తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాను. పైగా కింద ఎడమ ఇంట్లో ఉండేది నా కూతురు కిర్‌స్టీన్, చంటిది ఊనా. పై ఇంట్లో జరిగింది కింద ఇంట్లో జరగడానికి ఎన్ని మెట్లు దిగాలి? లెక్కపెట్టుకుంటూ ఆ రోజంతా గడిపాను.

కిర్‌స్టీన్‌కి ఆ ఇల్లెలా దొరికిందో చెప్పాలి. మొగుణ్ణి వదిలేసి, కడుపుతో, ఇల్లు లేనివాళ్ల హాస్టల్లో ఓ గదిలో ఉండేది. బేకరీలో పని ఉంది, అద్దె కట్టగలదు. అడ్వాన్సు ఇవ్వలేదు. ఏ ఏజెంటు దగ్గరికెళ్లినా ముందు అడ్వాన్సు మాటే. ఆఖరికి, ఊనా పుట్టాక, చర్చి పక్కన పూచీ ఆఫీసు ఉందని ఎవరో చెప్పారు. అడ్వాన్సు ఇవ్వలేని వాళ్ల తరఫున వాళ్లో కాగితం రాసిస్తారు: ఈమె ఇంటికి నష్టం చేస్తే మేం కడతాం, అని. ఆ కాగితం చేతికొచ్చిన రోజు నా కూతురు దాన్ని ఊనా దుప్పట్లో చుట్టి తెచ్చింది, తడుస్తుందని.

ఓర్మిస్టన్ కాగితం వాళ్లకి ఇళ్లిచ్చింది జాలితో కాదు. మా మెట్లకి ఎడమ పక్క ఇళ్లన్నీ వానా గాలీ నేరుగా కొట్టే చివరి గోడకి ఆనుకుని ఉంటాయి. నగదు ఉన్నవాడెవడూ ఆ ఇళ్లు తీసుకోడు. ఇప్పుడు మా వీధి చివర పార్కొచ్చింది, కాఫీ షాపొచ్చింది, నగదువాళ్లు వస్తున్నారు. యుస్రాలాంటి కాగితంవాళ్లు బరువయ్యారు. పద్ధతి సులువు. గోడ పాడు చేశారని పూచీ ఆఫీసు మీద దావా వేస్తాడు. దావా నెగ్గితే కాగితం రద్దు. కాగితం పోతే అడ్వాన్సు లేనట్టే, అడ్వాన్సు లేకపోతే ఇల్లు ఖాళీ. ఆ పేరుకి ఇంకెవరూ కాగితం ఇవ్వరు కూడా.

యుస్రా వెళ్లిన పది రోజులకి కిర్‌స్టీన్‌కి ఉత్తరం వచ్చింది. "అద్దెదారు ఇంట్లో బట్టలు ఆరేసి, కిటికీలు మూసి, గోడను నాశనం చేసినందున..."

"ఆరేశావా?" అన్నాను.

"మరి ఎక్కడ ఆరేయమంటావమ్మా, ఆకాశంలోనా? బయట వాన."

"నేను చెబుతూనే ఉన్నా కిటికీ తియ్యమని. చెబితే వింటేగా!"

అంతమాట అన్నాను. అంటూ ఉంటే నా ఇంట్లో బీరువా వెనక గోడ గుర్తొచ్చింది. కిర్‌స్టీన్ ఇంటికి సరిగ్గా పై ఇల్లే నాది. దాని సంగతి ఎవరికీ తెలీదు. శనివారం శనివారం బీరువా జరిపి, రుద్ది, మళ్లీ జరిపేసేదాన్ని.

గురువారం పూచీ ఆఫీసు నుంచి ఎల్స్‌పెత్ అనే ఆవిడ గోడ చూడ్డానికి వస్తుందన్నారు. చెమ్మ బయటి గోడ నుంచి వస్తోందని ఆమె రాస్తే ఓర్మిస్టన్ దావా కొట్టుకుపోతుంది. బుధవారం కిర్‌స్టీన్ బేకరీకి వెళ్లింది. చంటిదాన్ని నాకప్పగించి వెళ్లింది.

ఊనా నిద్రపోయింది. నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నా. నేల నుంచి నడుం ఎత్తు దాకా నల్లగా, కుండ అడుగులా ఉంది. రేపు ఆఫీసు ఆవిడ వస్తుంది. నా కూతురిల్లు చూసి ఏమనుకుంటుంది? మురికి మనుషులనుకోదూ? ఇల్లు బాగోలేదని ప్రభుత్వంవాళ్లు చంటిదాన్ని లాక్కుపోతారేమో అని కూడా తోచింది. ఇలాంటివి నాకు ఇట్టే తోస్తాయి. లేచి బ్లీచింగు నీళ్లు కలిపాను. మూడు గంటలు రుద్దాను. మోకాళ్లు పడిపోయాయి. గోడ పాలలా తెల్లగా వచ్చింది. అక్కడక్కడా రంగు పెచ్చులు ఊడాయి గానీ, తెల్లగా వచ్చింది.

కిర్‌స్టీన్ తలుపు తీసి, వాసన చూసి, గోడ చూసి, చేతిలో రొట్టె సంచి వదిలేసింది.

"అమ్మా... నా సాక్ష్యాన్ని కడిగేశావే!"

అప్పటిదాకా నాకు తట్టలేదంటే నమ్ముతారా? మా అమ్మ కూడా ఇంటికి డాక్టరొస్తున్నాడంటే ముందు గుమ్మం కడిగేది, తర్వాత రోగిని చూసేది. మా వాళ్లందరికీ ఉన్న రోగమే ఇది.

ఎల్స్‌పెత్ మంచిదే. గోడ మీద చెయ్యి పెట్టింది, పెచ్చులు చూసింది. "ఇక్కడ బూజు లేదు కదండీ. రంగు మాత్రం రుద్ది రుద్ది పాడు చేశారు."

"నిన్నటిదాకా ఉందమ్మా," అన్నాను. "మీరొస్తున్నారని..."

"నేను కళ్లతో చూసిందే రాయగలను." ఆమె కలం ఆగింది, మళ్లీ కదిలింది. మూడు వారాల్లో కాగితం రద్దయింది. ఖాళీ చేయించమని అద్దె తగువులు తీర్చే ట్రిబ్యునల్ ఉత్తర్విచ్చింది. పూచీ ఉన్నది ఓనరు గోడకని, నా మనవరాలి ఊపిరితిత్తులకి కాదని ఆ రోజు తెలిసింది నాకు.

శనివారం బట్టలుతికే షాపుకెళ్లాను. ఇంట్లో ఆరేయాలంటే అందరికీ భయం పట్టుకుంది కాబట్టి కిర్‌స్టీన్‌తో సహా మా మెట్లవాళ్లంతా అక్కడే ఉన్నారు. యుస్రా కూడా వచ్చింది, పిల్లలతో ఎవరింట్లోనో తల దాచుకుంటోంది. ఆమెని చూసి నేను తల వంచుకున్నా. నా పై ఇంటి సెంగా, సన్నగా చీపురుపుల్లలా ఉంటుంది, నోరు మాత్రం సైరను, నా పక్కకొచ్చి కూర్చుంది.

"ఏంటే నెట్టా, మొహం అలా ఉతికి ఆరేసినట్టుంది?"

నెట్టా అంటే నేనే. ఎందుకు చెప్పానో తెలీదు. చెప్పేశాను. బ్లీచింగు సంగతి, బీరువా వెనక సంగతి. "నా గోడా నలుపేనే సెంగా. నా కూతుర్ని తిట్టాను. నా గోడా నలుపే."

మిషన్లు తిరుగుతున్నాయి. సెంగా ఇంకా దగ్గరికి జరిగింది.

"నాది మంచం వెనక," అంది మెల్లగా. "ఆరేళ్ల నుంచి. నా వంట ఆవిరి వల్లే అనుకున్నా. కూర ఉడకబెట్టడం మానేశాను తెలుసా? చల్లటి రొట్టె తింటున్నాం."

యుస్రా ఫోను తీసింది. పై ఇంటి కిటికీ లోంచి తీసిన ఫొటోలు. చూరు గొట్టం విరిగి వేలాడుతోంది, వాన నీళ్లు చివరి గోడ మీదుగా ధారగా దిగుతున్నాయి. గోడ పగుల్లో గుబురుగా మొక్క మొలిచింది. "పెటిగ్రూకి నాలుగుసార్లు చూపించాను," అంది. "మీకెవరికీ చూపించలేదు. నా ఇల్లొక్కటే అనుకున్నా. సిగ్గేసింది."

నాలుగిళ్లు. ఒకదాని మీద ఒకటి. ఒకే గోడ, ఒకే నీళ్లు. ఎవరికి వాళ్లం తలుపులేసుకుని రుద్దుకున్నాం. వాడి గోడని మా చేతులతో, మా మోకాళ్లతో, మా ఖర్చుతో కడిగి వాడికే అప్పజెప్పాం.

"బాగుంది వరస," అంది సెంగా, గొంతు పెరిగింది. "పూచీ వాడికి, బూజు మనకి!"

మూల బల్ల మీంచి టోష్ గొణిగాడు. టోష్ రిటైరైన బస్సు డ్రైవరు, కింద కుడి పక్క ఇల్లు. "నా గోడ పొడిగానే ఉంది. నేను అడ్వాన్సు నగదుగా కట్టినవాణ్ణి. ఈ గొడవలోకి నన్ను లాగకండి."

"కట్టావు నాయనా. తిరిగిస్తాడనే ఆశ ఉందా?" అంది సెంగా.

అందరూ గొల్లుమన్నారు. టోష్ నవ్వలేదు. అతని మిషన్ ఆగిపోయినా లేవలేదు. కూర్చున్న చోటి నుంచే అడిగాడు: "చూరు గొట్టం అంతా విరిగిందా, ఎడమ పక్కేనా?"

"మొత్తం వంగింది. వచ్చే ఏడు నీ వైపు," అంది యుస్రా.

వాదన సాగింది. కోర్టుకెళ్దామన్నారొకరు, పేపరుకి రాద్దామన్నారొకరు. నేనైతే ఇల్లు వెతుక్కుందామన్నాను, నా అలవాటు కొద్దీ. "ఏ కాగితంతో వెతుకుతుంది?" అంది సెంగా. అప్పుడు కిర్‌స్టీన్ అంది: "వాళ్ల కాగితం పోతే పోయింది. నాకు మీరు పూచీ పడతారా?"

మా మెట్ల దగ్గర ఓ పలక ఉంది. అట్టముక్కకి తాడు కట్టి, 'ఈ వారం మెట్లు కడిగే వంతు మీది' అని రాసి ఉంటుంది. మీ తలుపు పిడికి తగిలిందంటే మీరు కడగాల్సిందే. కడిగి, పక్కింటి పిడికి తగిలించాలి. మొహమొహాలు చూసుకోనివాళ్లు కూడా ఆ పలకని కాదనరు. మా అమ్మ కాలం నుంచీ అంతే. ఆ వారం అది నా దగ్గరుంది, సంచిలోనే ఉంది. తీసి బల్ల మీద పెట్టాను, బోర్లా.

వెనక తెల్లగా ఉంది. సెంగా రాసింది: 'కిర్‌స్టీన్‌కీ, యుస్రాకీ, ఈ మెట్లమీద ఉండే ప్రతి మనిషికీ మేం పూచీ.' మొదటి సంతకం పెట్టింది టోష్. నేను ఆఖర్న పెట్టాను.

సోమవారం పొద్దున్న మేమంతా తడి బట్టలతో పెటిగ్రూ ఆఫీసుకెళ్లాం. దుప్పట్లు, చొక్కాలు, ఊనా గుడ్డలు. ఈ గోడ నుంచి ఆ గోడకి తాడు కట్టింది సెంగా. టోష్ తన పెద్ద లోపలి లాగు సరిగ్గా పెటిగ్రూ బల్ల మీదుగా ఆరేశాడు.

"ఏంటిది? ఏం చేస్తున్నారు మీరు?" అన్నాడు పెటిగ్రూ.

"ఇంట్లో ఆరేయొద్దని రాశారు కదండీ సారూ. మాట వింటున్నాం," అంది సెంగా.

అరగంటలో అద్దాలకి ఆవిరి పట్టింది. వీధిలో జనం చేరారు. "గొట్టం బాగుచెయ్యాలి, గోడ బాగుచెయ్యాలి, దావా వెనక్కి తీసుకోవాలి," అంది కిర్‌స్టీన్. పలక బల్ల మీద పెట్టింది. పెటిగ్రూ తిప్పి చదివాడు. పడీపడీ నవ్వాడు.

"మెట్లు కడిగే అట్టముక్క నాకు పూచీయా? శుక్రవారం కోర్టు అమీన్లొస్తారు. మెట్లు శుభ్రంగా ఉంచండి, వాళ్ల బూట్లు పాడవకుండా."

మంగళవారం నుంచి ఎవరూ మెట్లు కడగలేదు. ఎవరూ గోడలు రుద్దలేదు. బీరువాలు, మంచాలు గోడల నుంచి జరిపేశాం. తలుపులు బార్లా తీసిపెట్టాం. వీధివీధంతా వచ్చి చూసింది. పక్క మెట్లవాళ్లు చూసి, ఇళ్లకెళ్లి, కాసేపటికి తిరిగొచ్చారు. "మాకూ ఉందమ్మా," అన్నారు. ఎల్స్‌పెత్ కూడా వచ్చింది, నాలుగిళ్లూ తిరిగింది, కళ్లు తుడుచుకుంది. ఫైలు మూసేశారట. "మళ్లీ తెరిపించడానికి చూస్తాను," అంది. చూడమన్నాం. ఆమె కోసం కాచుకుని మాత్రం కూర్చోలేదు.

శుక్రవారం వంతు నాదే. నేను పలక పక్కింటికి తగిలించలేదు మరి.

గురువారమంతా ఒకటే ఆలోచనలు. అరెస్టు చేస్తారు. బళ్లో పిల్లలకి భోజనం వడ్డించే నా పని పోతుంది. కిర్‌స్టీన్‌ని ఈడ్చేస్తారు. చంటిదానికి దెబ్బ తగులుతుంది. నా మొగుడికి జరిగిందే నాకూ జరుగుతుంది. ఇవన్నీ ఒక్కొక్కటీ కళ్లకి కట్టాయి. ఏ ఒక్కటీ జరగదని నాకు నేను చెప్పుకోలేకపోయాను. అయినా తొమ్మిదింటికి పలక మెడలో వేసుకుని వెళ్లి కింది మెట్టు మీద కూర్చున్నా, కిర్‌స్టీన్ తలుపుకి అడ్డంగా. నా వెనక మెట్టు మెట్టుకీ మనుషులు. పై దాకా.

అమీన్లు ఇద్దరు, పోలీసులు నలుగురు. పెటిగ్రూ గొడుగుతో రోడ్డు మీదే ఆగాడు.

"లేవండమ్మా," అన్నాడో పోలీసు. నా కూతురి వయసుంటుంది. "ఎందుకు మీకిదంతా?"

"ఈ వారం మెట్ల వంతు నాది బాబూ."

"లేవకపోతే అరెస్టు చెయ్యాల్సొస్తుంది."

"నాకు భయంగానే ఉంది," అన్నాను. "నీ పని నువ్వు చేసుకో."

చెరో రెక్కా పట్టుకుని లేపారు. తలుపు వెనక ఊనా ఏడుపు, కిర్‌స్టీన్ "అమ్మా!" అన్న కేక. ఆ కేకకి నా కుడిచెయ్యి ఎలా విడిపించుకున్నానో తెలీదు. మెడలో పలక తీశాను. పక్కనే టోష్ తలుపు. పిడికి తగిలించాను.

టోష్ లేచాడు. మోకాళ్లు పట్టుకుని మూడు మెట్లు దిగాడు. తన గుమ్మం మీది పలక తీసి, మొదటిసారి చూస్తున్నట్టు చదివి, మెడలో వేసుకుని నేను కూర్చున్న చోట కూర్చున్నాడు.

"నా వంతు," అన్నాడు.

ఆ రోజు పదకొండు మందిని తీసుకెళ్లారు. ఒక్కో మనిషిని లేపడం, పలక ఇంకో పిడికి తగలడం, ఇంకో మనిషి దిగడం. యుస్రాకి ఆ మెట్లమీద తలుపే లేదు. ఆమె వంతొచ్చేసరికి సెంగా పలకని తిన్నగా ఆమె మెడలోనే వేసింది. మధ్యాహ్నానికి పోలీసు బండ్లు నిండాయి, మెట్లు ఖాళీ కాలేదు. అమీన్లు ఇంకో రోజొస్తామని వెళ్లిపోయారు.

నేనిది రాస్తున్నది బెయిలు మీద, నా వంటింట్లో కూర్చుని. బీరువా ఇంకా గోడకి దూరంగానే ఉంది. కేసుంది, పని ఉంటుందో ఊడుతుందో తెలీదు. బయట బూట్ల చప్పుడైతే ఇప్పటికీ ఉలిక్కిపడతాను. పూచీ కాగితంతో ఇల్లు తీసుకున్నవాళ్లు, అడ్వాన్సు కట్టి నోరు మూసుకున్నవాళ్లు, గోడలు దాచుకుని కడుక్కుంటున్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఒక్కటే చెబుతాను. కడగడం ఆపండి. తలుపు తియ్యండి.

పొద్దున్న పలక ఎక్కడుందో చూద్దామని కిందికి దిగాను. మా మెట్లమీద ఏ పిడికీ లేదు. వాన్లోకి వెళ్లి చూశాను.

పక్క మెట్ల మొదటి తలుపుకి వేలాడుతోంది.