రెడ్డెమ్మ అనే మగమనిషి

వెంకటప్పతో వచ్చిన చిక్కేమిటంటే, నలుగురిలో కూర్చుని తిట్టుకోవడానికి ఆ మనిషిలో తగినంత సరుకు లేదు. తాగడు, పేకాడడు, పెట్టింది తింటాడు. పుంగనూరులో మధ్యాహ్నాలు ఆడవాళ్ళు అరుగుల మీద చేరి మొగుళ్ళను ఉతికి ఆరేసే వేళ ఆయన పెళ్ళాం రెడ్డెమ్మ ఒక్కతే ఉత్తచేతులతో కూర్చోవాల్సి వచ్చేది. చాలాకాలం వెతగ్గా వెతగ్గా ఆమెకు ఒక లోపం దొరికింది. ఎవరైనా పొగిడితే ఆయన కాదనలేడు. నీ గొంతు బాగుందప్పా అని ఎవరో అన్న పాపానికి కొన్నేళ్ళు భజనలో ముందు కూర్చున్నాడు. సాంబారు కలపాలంటే వెంకటప్పే కలపాలి అని ఒక పెళ్ళిలో అంటే, తాళి కట్టిన సంగతి కూడా తెలియకుండా గరిటె పట్టుకుని నిలబడిపోయాడు.

మదనపల్లె మార్కెట్ యార్డులో ఆయనకు టమోటా మండీ ఉండేది. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేవాడు. బెంగళూరు వ్యాపారి ఒకడు, "రేట్లు మెయిల్లో పంపుతానప్పా, నీలాంటి తెలివైనోడికి ఇంకా ఐడీ లేకపోవడమేంది?" అన్నాడు. తెలివైనోడు అన్నాక ఇంక ఆగేదేముంది? ఆ సాయంత్రమే పుంగనూరు బస్టాండు పక్కనున్న నెట్ సెంటర్లో 'వెంకటప్ప టమోటా మండీ' అన్న పేరుతో ఐడీ పుట్టింది. ప్రతి మెయిలు అడుగునా మండీ పేరూ ఫోన్ నంబరూ వాటంతట అవే పడేట్టు కూడా పెట్టించుకున్నాడు. బెంగళూరు నుంచి ఒక్క రేటూ రాలేదు. మోజుపడి కొని పైఅటకెక్కించిన మిక్సీలాగా ఐడీ అలా పడి ఉంది.

బి.ఏ. చదివి, ఆ చదువును పోపులపెట్టె పక్కన పెట్టుకుని బతుకుతున్న రెడ్డెమ్మకు, వాడని వస్తువును చూస్తే మనసు ఊరుకోదు. రేట్లొచ్చాయేమో చూసొస్తానని నెట్ సెంటరుకు పోవడం మొదలుపెట్టింది. రేట్లు వెతకబోయి 'పచ్చికుండ'లో పడింది.

పచ్చికుండ అనేది కొత్తగా కవితలు రాసేవాళ్ళ మెయిల్ గుంపు. కుప్పంలో తెలుగు లెక్చరర్ సుదర్శన్ దాన్ని నడిపేవాడు. ఎవరి కవితయినా అక్కడ కాల్చని కుండే. మిగతావాళ్ళు దాన్ని తట్టాలి. ఎక్కడ ఖంగుమందో ఒక మాట, ఎక్కడ బీట వుందో ఒక మాట. ముగ్గురు తట్టేదాకా రాసినవాళ్ళు నోరెత్తకూడదు. ఆ తర్వాత ఎవరేమడిగినా చెప్పి తీరాలి. బాగుందని ఊరికే పొగిడి పోయేవాళ్ళకు అక్కడ చోటు లేదు. ఇంట్లో పొగడ్తలకు పడిపోయే మొగుడితో వేగుతున్న రెడ్డెమ్మకు అదే మొదట నచ్చింది.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకుంటూ ఆమె తట్టడం మొదలుపెట్టాక గుంపులో కొందరు కవిత పంపేముందు దేవుడికి మొక్కుకునేవాళ్ళు. మదనపల్లెలో చీరలకు ఎంబ్రాయిడరీ వేసే మెహ్‌నాజ్ భయం భయంగా తన మొదటి కవిత పంపితే, "మూడో పంక్తి నుంచే నీ కవిత మొదలయింది. పై రెండూ గొంతు సవరించుకోవడం. తీసెయ్. ఆపద్దు, ఇంకోటి రాయి" అని రాసింది. మెహ్‌నాజ్ ఒక పూట ఏడ్చింది. మరుసటి వారం ఇంకోటి రాసింది. ఆ తర్వాత రెడ్డెమ్మను ఆపా అనడం మొదలుపెట్టింది, సొంత అక్కను పిలిచినట్టు.

రెడ్డెమ్మ కవితలన్నీ 'వెంకటప్ప టమోటా మండీ' నుంచే పోయేవి. కింద రెడ్డెమ్మ అని ఉండేది, దాని కింద కమిషన్ మండీ, మార్కెట్ యార్డ్, మదనపల్లె. కొత్తగా చేరినవాళ్ళు అది కూడా కవితలో ఆఖరి పంక్తేననుకుని మెచ్చుకున్న సందర్భాలు ఉన్నాయి.

2005లో పచ్చికుండ వాళ్ళు పుస్తకం వేద్దామనుకున్నారు. అందరూ తట్టి ఎంచిన వాటిలో రెడ్డెమ్మ రాసిన 'అడుగంటు' మొదటిది. ఆమె పేరు అచ్చులో పడటం పెళ్ళిపత్రిక తర్వాత అదే మొదటిసారి అవుతుంది. పెళ్ళిపత్రికలో కూడా 'చి.ల.సౌ.' తర్వాత పడింది కాబట్టి దాన్ని ఆమె లెక్కలోకి తీసుకోలేదు.

అప్పుడు సుదర్శన్ గుంపుకంతా ఒక మెయిలు పెట్టాడు.

'పుస్తకంలో మారుపేర్లు వద్దు. ముఖ్యంగా వెంకటప్పగారికి మనవి. మీరు మంచి కవి. చీర కట్టుకుని రావలసిన పని లేదు. రెడ్డెమ్మ అన్న పేరు పల్లెవాసన కోసం పెట్టుకున్నారని ఎప్పుడో గ్రహించాను. ఐడీ మీదే, నంబరు మీదే. అన్నిటికీ మించి, మొహమాటం లేకుండా ఇంత కరాకండిగా చెప్పేది ఆడమనిషి కాదు. పుస్తకంలో మీ అసలు పేరే వేస్తున్నాను.'

రెడ్డెమ్మ రెండుసార్లు చదివింది. నెట్ సెంటరు ఫ్యాను కింద కూర్చుని నవ్వింది కూడా. గుర్రంకొండ రెడ్డెమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టిన పిల్లకు పెట్టిన పేరు, పల్లెవాసన కోసమట! తర్వాత నవ్వు ఆగిపోయింది. ఒకటే పంక్తి కొట్టింది: 'నేను రెడ్డెమ్మను. రుజువులు ఇవ్వను. కవితను తట్టండి, నన్ను కాదు.'

మెహ్‌నాజ్ రెడ్డెమ్మ ఇంటికి ఫోన్ చేసింది. "ఆపా, నేను రాస్తా గుంపులో. ఆమె ఆడమనిషేనని, ఎన్నిసార్లో మాట్లాడినానని."

"వద్దు."

"యాల వద్దు?"

"నేను ఉండాననేదానికి నీ సాక్ష్యం యాల మెహ్‌నాజ్? ఈ పొద్దు గొంతు వినిపించమంటారు, రేపు ఫోటో పంపమంటారు, ఎల్లుండి రేషన్ కార్డు అడుగుతారు. ఆ గుంపులో మగోళ్ళు ఒక్కరన్నా మీసం ఫోటో పంపినారా?"

ఫోనులో మెహ్‌నాజ్ పగలబడి నవ్వింది. కానీ రెండోనాడు సుదర్శన్ పెట్టిన మెయిలు చూశాక ఆమెకూ నవ్వు రాలేదు. 'సందేహాలు తీరాయి. మండీకి ఫోన్ చేసి కవిగారితోనే మాట్లాడాను. అడుగంటు తమదేనా అంటే, ఏదో అట్లా అని వినయంగా ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం కుప్పం సమావేశంలో ఆయనే చదువుతారు.'

ఆ సాయంత్రం వెంకటప్ప బస్సు దిగి వచ్చేసరికి రెడ్డెమ్మ ఉల్లిపాయలు తరుగుతూ ఉంది.

"ఎవరన్నా ఫోన్ చేసినారా మండీకి?"

"ఎంతమందో చేస్తారు."

"కుప్పం నుంచి?"

వెంకటప్ప చెప్పు విప్పుతూ ఆగిపోయాడు. "అదా... ఎవరో సారు. వేలం నడస్తాండాది, ఒకటే గోల. మీ కవిత చదివి కండ్లల్లో నీళ్ళు వచ్చినాయి సార్, మీయట్లాటోళ్ళు ఈ జిల్లాలో ఉండడం మా అదృష్టం అని ఒకటే పొగుడుడు. చుట్టూ మండీ వాళ్ళంతా వింటాండారు, స్పీకర్లో పెట్టి ఉండా."

"స్పీకర్లో యాల పెట్టినారు?"

"పొగుడుతాండాడు కదా."

"అయితే?"

"ఏదో అట్లా అన్నా. అవును అనలేదు ఏమ్మే! కాదు అనలేదు, అంతే."

ఇరవై ఏళ్ళ కాపురంలో మొదటిసారి అరుగు మీదికి తీసుకుపోదగ్గ సరుకు దొరికింది. కానీ రెడ్డెమ్మకు దాన్ని పంచుకోవాలనిపించలేదు. తన పేరు పడాల్సిన చోట ఈయన పేరు పడుతుంది. ఉల్లిపాయలు పూర్తిగా తరిగింది.

"ఫోన్ చేసి చెప్పేస్తాలే, నాది కాదని" అన్నాడు వెంకటప్ప.

"వద్దు. ఇప్పుడు చెప్తే నేనే చెప్పించినానంటారు. ఆదివారం కుప్పం పోదాం. కవివి కదా, చదువు."

ఆమె ఎప్పుడూ మీరు అనే పిలిచేది. నువ్వు అన్నదంటే సంగతి ఆనాటి సాంబారులాగా తేలిగ్గా పోయేది కాదని వెంకటప్పకు అర్థమయింది.

ఆదివారం తెల్లచొక్కా రెడ్డెమ్మే ఇస్త్రీ చేసింది. మదనపల్లె నుంచి వచ్చే కుప్పం బస్సులో మెహ్‌నాజ్ ముందే ఎక్కి రెండు సీట్లు పట్టుకుని ఉంది. రెడ్డెమ్మ ఆమె పక్కన కూర్చుంది. వెంకటప్ప ముందు సీట్లో కూర్చుని కవిత కాగితం చూసుకుంటూ పలమనేరు దాటాడు, వి.కోట దాటాడు. శాంతిపురంలో బస్సు ఆగినప్పుడు వెనక్కి తిరిగి, "దీంట్లో అర్థమేంది?" అని అడిగాడు.

"కవిగారికే తెలియాల" అంది రెడ్డెమ్మ. మెహ్‌నాజ్ కొంగు నోట్లో కుక్కుకుంది.

కుప్పంలో ఒక ట్యుటోరియల్ గదిలో సమావేశం. సుదర్శన్ ఎదురొచ్చి వెంకటప్పకు దండ వేశాడు. పక్కనున్న రెడ్డెమ్మ వైపు చూసి, "శ్రీమతిగారా? రండమ్మా, వెనక ఆడవాళ్ళకు బెంచీలు వేశాం" అన్నాడు. రెడ్డెమ్మ వెనక్కే పోయింది. తానెవరో చెప్పలేదు. చెప్పకూడదని మెహ్‌నాజ్ చేత ఒట్టు వేయించుకుంది. బల్ల మీద పుస్తకం అచ్చు ప్రూఫులు ఉన్నాయి. పై కాగితం మీద 'అడుగంటు', కింద 'వెంకటప్ప' అని అంత దూరం నుంచీ కనిపిస్తూనే ఉంది.

వెంకటప్ప లేచి, వేలంపాటలో రేటు పాడే గొంతుతో చదివాడు.

'పాలు పొంగినప్పుడు అందరూ పిలిచినారు నన్ను.
అడుగంటినప్పుడు ఎవరూ పిలవలేదు,
వాసనే పిలిచింది.
గిన్నె తోముతా ఉండాను.
నలుపు పోతాది, నాకు తెలుసు.
పోయేదాకా నేను
ఎవరికీ పలకను.
తోమిన గిన్నెలో నా మొగము
చందమామలా నవ్వింది.'

చప్పట్లు మోగాయి. ఇక తట్టడం. మొదటాయన వాసన పిలవడం ఖంగుమంది అన్నాడు, బీట కనపడలేదన్నాడు. సుదర్శన్ ఆఖరి చందమామ దగ్గర తనకు ఒళ్ళు జలదరించిందన్నాడు. ముగ్గురు తట్టేదాకా మాట్లాడకూడదన్న కట్టుబాటును ఎవరు పెట్టారో గానీ, దండ కింద వెంకటప్ప వాళ్ళకు మనసులోనే దండం పెట్టుకుంటున్నాడు.

"మూడోది నేను తడతాను" అంది వెనక బెంచీలోంచి రెడ్డెమ్మ.

సుదర్శన్ చిరునవ్వు నవ్వాడు. "చెప్పండమ్మా, ఇంట్లోవాళ్ళ అభిప్రాయం కూడా విందాం."

"'ఎవరికీ పలకను' కాడ ఖంగుమంది. ఆడనే అయిపోయింది కవిత. తర్వాత రెండు పంక్తులు బీట. కోపంగా ఉన్న మనిషి, పలకను అని చెప్పిన మనిషి, వెంటనే చందమామలాగా యాల నవ్వింది? ఎవరన్నా ఏమన్నా అనుకుంటారని భయపడి అతికించిన ముక్క అది. పల్లెం నిండా కారం వేసి, పైన చక్కెర చల్లినట్టుండాది."

ఆ మాటల నడక అందరికీ తెలుసు. ఏళ్ళ తరబడి తమ కవితల మీద పడిన దెబ్బే అది. ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూశారు. సుదర్శన్ చిరునవ్వు సగంలో నిలిచిపోయింది.

"ముగ్గురం తట్టినాం. ఇంక అడగొచ్చు కదా సార్?" అంది రెడ్డెమ్మ. సుదర్శన్ తలూపాడు. "కవిగారూ, చందమామను యాల పెట్టినారు?"

వెంకటప్ప చెమట తుడుచుకున్నాడు. "ఊరికే... బాగుంటాదని."

"ఊరికే బాగుంటాదని అన్నంలో రాయి వేస్తామా? సరే, పోనీండి. పాలు అడుగంటినాయి కదా, ఎట్లా అడుగంటినాయి? ఇంట్లో మనిషి లేదా? పొయ్యి కాడ ఎవరుండారు?"

ఆ ప్రశ్న తగలకూడని చోట తగిలింది. ఆ పాల గురించి ఆ ఇంట్లో అప్పటికే బోలెడు వాదన జరిగి ఉంది.

"మల్లా నన్నే అంటావా?" వెంకటప్ప గొంతు లేచింది. "నువ్వు నెట్ సెంటరుకు పోతా పోతా పాలు సూడమని చెప్తివి, నేను మండీ ఫోన్లో పడి మర్చిపోతిని. ఒక్కసారి మాడిస్తే దాన్ని పట్టుకుని కవిత రాసి ఊరూరా చదివిస్తావా ఏమ్మే?"

అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకు వినపడలేదు. మెహ్‌నాజ్ మొదట నవ్వింది. తర్వాత గది అంతా నవ్వింది. వెంకటప్ప మెడలో దండ తీసి, బెంచీల మధ్యనుంచి వెనకదాకా నడిచొచ్చి రెడ్డెమ్మ ఒళ్ళో పెట్టాడు.

"నాది కాదప్పా" అన్నాడు అందరి వైపూ తిరిగి. "ఈమెది. పొగుడుతాంటే ఆపబుద్ధి కాలేదు."

సుదర్శన్ ప్రూఫు కాగితం ముందుకు లాక్కుని పేరు కొట్టేసి రెడ్డెమ్మ అని రాశాడు.

"చందమామను కూడా కొట్టేయండి సార్" అంది రెడ్డెమ్మ దండ పక్కన పెట్టి లేస్తూ. "భయపడి పెట్టింది. ఇప్పుడు అవసరం లేదు."

కొట్టేశాడు. కలం మూత పెట్టి, "ఈ విషయం రాత్రికి గుంపులో వివరంగా రాస్తాను మేడమ్" అన్నాడు. "ఐడీ వల్ల కొంత గందరగోళం..."

"రాయద్దు సార్. ఈడనే, నోటితో చెప్పండి."

"అదే, ఐడీ ఆయన పేరుతో ఉండటంతో..."

"ఐడీ సంగతి మా ఇంటి తప్పు, ఒప్పుకున్నాడు ఆయన. మీరు ఇంకోటి రాసినారు. కరాకండిగా చెప్పేది ఆడమనిషి కాదని. దాన్ని తట్టండి సార్. ఖంగుమందా, బీటా?"

సుదర్శన్ బల్ల వైపు చూశాడు, ప్రూఫు వైపు చూశాడు.

"బీటే" అన్నాడు మెల్లగా.

"వెనక్కి వినపళ్ళేదు సార్" అంది మెహ్‌నాజ్.

సుదర్శన్ కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడ్డాడు.

"తప్పు నాదే రెడ్డెమ్మగారూ" అన్నాడు, గది అంతా వినేట్టు. "ఆడమనిషి ఇంత గట్టిగా మాట్లాడదనుకున్నాను. అది నా తప్పు."