పీరా తోట కాలువ దాటిన వారం

హుస్సేన్ పీరా పొద్దున్నే మసీదుకు పోయి నమాజు చేసుకుని, ఆళ్లగడ్డ రోడ్డు మీద ఒక టీ తాగి, ఆ తర్వాత తన అరటితోట ఈ పొద్దు యాడుందో చూసుకోవడానికి పోతాడు. ముప్పై ఏండ్లుగా ఇదే వరస. గాలివాన వచ్చినా, పక్క చేనులో పురుగుమందు ఎక్కువ కొట్టినా, ఇంట్లో భార్య అక్తర్ బేగంతో ఆయనకు మాటామాటా పెరిగినా, తోట అడుగో రెండడుగులో పక్కకు జరుగుతుంది. గెలలతో, ఎండుటాకులతో, నీడన పడుకున్న కుక్కతో సహా. ఆ కుక్కకు మెలకువ కూడా రాదు. సర్వేయరు ఏడాదికోసారి టేపు పట్టుకుని వచ్చి, "ఏం పీరా, ఈసారి యాడికి పోయినాది?" అని అడిగి, కొత్త గుర్తు వేసుకుని, రెండు పండ్లు తిని పోతాడు. అంతే సంగతి.

ఇట్లా ఉండగా అల్లుడు ఇమ్రాన్ గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చాడు. మూడేండ్లు ఆడ అరటితోటలోనే కూలి. అందరి మాదిరే పులిబొమ్మ కంబళి తెచ్చాడు. కంబళి విప్పితే లోపల తడి మేజోళ్లలో చుట్టిన నాలుగు అరటి పిలకలు!

"మామా, దీని గెల నా ఎత్తు ఉంటాది," అన్నాడు, చెయ్యి తల మీద పెట్టి చూపిస్తూ.

"ఎయిర్‌పోర్టులో పట్టుకోలేదేందప్పా?"

"కంబళి చూసి పోనిచ్చినారు. గల్ఫ్ నుంచి కంబళి లేకుండా వచ్చినోడిని అనుమానించాల గానీ, తెచ్చినోడిని ఎవురాపుతారు?"

పీరా పగలబడి నవ్వాడు. కూతురు జబీనా మాత్రం ఉల్లిగడ్డలు కోసేది ఆపి, "బయట దేశం మొక్కలు పరీక్ష లేకుండా తేకూడదంట గదా?" అంది.

"బంగారం తెచ్చినానా ఏందీ? అరటి పిలకలు. నలభై రోజులే సెలవు జబీనా. ఈ నాలుగూ పట్టుకుంటే వీటికి పుట్టే పిలకల కోసం శిరివెళ్ల దాకా రైతులు మనింటికి వస్తారు. నేను మళ్లా ఆ ఎండలోకి, ఎనిమిది మంది పడుకునే ఆ రూములోకి పోయే పనే ఉండదు."

జబీనా మళ్లీ కత్తి పట్టుకుంది గానీ కోయలేదు. ఆ మాటలో ఆమెకూ ఆశ ఉంది మరి.

తోటకు ఉత్తరం మూలలో బిస్మిల్లా అని నాలుగూ నాటారు. పీరా ఊరుకుంటాడా? టీ కొట్టు కాడ, మంగలి కొట్టు కాడ, బస్సు కోసం నిలబడినోళ్ల కాడ, "మా అల్లుడు తెచ్చినాడు, మనిషెత్తు గెల" అని చెప్పిందే చెప్పాడు. పిల్లకాలువకు ఆ పక్క శనగ వేసే నరసింహులు, "పీరన్నా, మొదటి పిలక నాకే" అని మాట కూడా తీసుకున్నాడు.

మరుసటి పొద్దు టీ తాగి పోయేసరికి తోట ఇరవై అడుగులు దక్షిణానికి పోయి ఉంది. నాలుగు పిలకలు మాత్రం, బస్సు తప్పిపోయినోళ్ల మాదిరి, ఖాళీ మట్టిలో నిలబడి ఉన్నాయి.

"నీ తోటకు కొత్తోళ్లంటే సిగ్గు మామా," అన్నాడు ఇమ్రాన్. అని, చెట్ల మధ్యకు పోయాడు. పోతే, ఆయన ఎటు తిరిగితే అటు చెట్లు ఒరిగి దూరం జరిగాయి. అంత తోటలో ఆయన ఒక్కడి నెత్తిన ఎండ. గల్ఫ్‌లో తొడిగిన బూట్లే ఇంకా కాళ్లకు ఉన్నాయి.

రెండో పొద్దుకు తోట కాలువ గట్టు మీద, వేర్లు నీళ్లలోకి వేలాడేసుకుని ఉంది. మూడో పొద్దుకు కాలువ దాటి నరసింహులు శనగచేనులో నిలబడింది.

నరసింహులు తువ్వాల దులుపుకుంటూ వచ్చాడు. "ఏం పీరన్నా, నేను ఒక పిలక అడిగితిని గానీ మూడెకరాల తోట పంపమంటినా? నా శనగ మీద నిలబడుకోని గాలి పీలుస్తాంది!"

"ఒక పూట ఓపిక పట్టు సామీ. ఏదో మనసు బాగలేదు దానికి."

"దానికి మనసు బాగలేకుంటే నా చేనే దొరికినాదా?"

తోటకే కాదు, ఇమ్రాన్‌కూ కాలు నిలవలేదు. పొద్దున నంద్యాల బస్సెక్కుతాడు, మధ్యాహ్నానికి తిరిగి వస్తాడు. చేతిలో సంచి లేదు, చేసుకొచ్చిన పని లేదు. మళ్లా మరుసటి రోజూ అంతే. అన్నం ముందు కూచుని లేస్తాడు, మంచం మీద కూచుని లేస్తాడు. జబీనా చూసి చూసి వాకిలికి అడ్డం నిలబడింది.

"చెప్పు. ఆ పిలకలు యాడ పీకినావ్?"

"తోటలోనే."

"తోటలో యాడ?"

ఇమ్రాన్ గోడ వైపు తిరిగాడు. "కంచె అవతల. ఒక మూలన ఎర్ర పట్టీ కట్టి కంచె వేసినారు. ఆడికి పోయి వచ్చినోళ్లు బూట్లు మందునీళ్లలో ముంచాల. ఆడ చెట్లకు కింద నుంచి ఆకులు పసుపెక్కి వాలిపోతాండె. పిలకలు పచ్చగా ఉండె, కాపలా ఎవురూ లేకపాయె. దొంగల భయానికి కంచె వేసినారు అనుకున్యా." గోడ సున్నాన్ని గోరుతో గీకాడు. "అట్లని నాకు నేనే చెప్పుకున్యా."

పీరా కొడవలి తీసుకుని పోయి ఒక పిలకను అడ్డంగా కోశాడు. పాల మాదిరి తెల్లగా ఉండాల్సిన దుంపలో, గుండ్రంగా, తుప్పు రంగు చుక్కలు. మందు లేని అరటి తెగులొకటి బయట దేశాల్లో ఉందని, మట్టిలో పడితే తరం దాటినా పోదని రైతుల మీటింగులో ఎప్పుడో విన్నాడు. శిరివెళ్ల నుంచి ఇక్కడి దాకా ఉన్న అరటి అంతా ఆయన కండ్ల ముందు ఒక్కసారి పసుపెక్కింది.

"కాల్చేయండి. ఎవురికీ చెప్పొద్దు," అంది అక్తర్ బేగం. "అల్లుడు కదా."

"పిలక కాలుస్తావ్, మట్టి యాడ కాలుస్తావే? రేపు ఎవురి ట్రాక్టరన్నా ఈడ తిరిగితే టైర్లకు అంటుకోని పోతాది." పీరా అల్లుడి వైపు తిరిగాడు. "చెప్తే నీ పాస్‌పోర్టు పట్టుకుంటారేమో అప్పా. కేసు కూడా కావచ్చు. నా నోటితో నేను చెప్పలేను."

ఇమ్రాన్ బూట్లు విప్పి గడప అవతల పెట్టాడు. "నంద్యాలకు రెండుసార్లు పోయినా మామా. తోటల ఆఫీసు గేటు దాకా పోయి వచ్చినా. మూడోసారి నువ్వు తోడు రా."

ఉద్యాన అధికారి భ్రమరాంబిక ఆ సాయంత్రమే మనుషులను వెంటబెట్టుకుని వచ్చింది. పాదాలకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని, పిలకలను, మట్టిని, ఇమ్రాన్ బూట్లను వేరు వేరుగా మూటలు కట్టించింది.

"నాటింది ఎప్పుడు, తోట జరిగింది ఎప్పుడు?"

"నాటిన మరుసటి పొద్దే మేడమ్."

"మంచి పని చేసింది. ఒక్క వేరు కూడా తగల్లేదు," అని, కాగితం మీద 'తోట ప్రస్తుతం కాలువకు దక్షిణం' అని రాసుకుంది.

తెగులు అదేనని పది రోజులకు తేలింది. ఉత్తరం మూల చుట్టూ కంచె పడింది. ముప్పై ఏండ్లు ఆడ అరటి నాటకూడదు, మనిషి గానీ గొడ్డు గానీ కాలు పెట్టకూడదు. ఇమ్రాన్ మీద కేసు రాశారు, పాస్‌పోర్టు తీసుకున్నారు, కేసు తేలేదాకా జిల్లా దాటొద్దన్నారు. నరసింహులు రెండు రోజులు తిట్టి, మూడో రోజు, "సరే, కంచె వదిలేసి మిగతా నీ చేనులో నేను శనగ వేసుకుంటా, నువ్వు నా చేనులో ఉండు" అన్నాడు. సర్వేయరు వచ్చి, రెండు పండ్లు తిని, మార్పు రాసుకున్నాడు.

సెలవు అయిపోయిన రోజు విమానం ఇమ్రాన్ లేకుండానే పోయింది. ఆ వేళకు ఆయన కాలువకు ఈ పక్క, కంచె కాడ, వట్టి కాళ్లతో కాపలా ఉన్నాడు. పక్కన మందునీళ్ల తొట్టి. గొర్రెలు వస్తే అదిలిస్తాడు, ట్రాక్టరు వస్తే అడ్డం పోతాడు, కూచుంటాడు, లేస్తాడు, కంచె చుట్టూ మళ్లీ తిరుగుతాడు. రోజూ ఇంటికి పోయే ముందు కాళ్లు మందునీళ్లలో కడుక్కుంటాడు. నీడ లేదు. తోట ఆ గట్టు మీద, ఆయనకు వీపు తిప్పినట్టే ఉండేది.

రెండు నెలలయ్యాక ఒక మధ్యాహ్నం పీరా, జబీనా అన్నం తీసుకుని వచ్చారు. ఇమ్రాన్ గట్టు మీద కూచుని ఉన్నాడు. కాలువ మీదుగా ఒక పొడుగాటి అరటాకు వంగి వచ్చి, ఆయన తల మీద నీడ వేసి ఉంది. తోట ఒక అడుగు ఇటు జరిగింది.

"దా అప్పా, అన్నం చల్లారతాంది," అన్నాడు పీరా.

"ఈడికే ఇయ్యి మామా," అన్నాడు ఇమ్రాన్, పెదాలు కదిలీ కదలకుండా. "నేను లేస్తే అది మళ్లా పోతాదేమో."

జబీనా క్యారియరు విప్పి, చప్పుడు కాకుండా ఆ నీడలోనే కూచుంది.