రాగం తీసే దిష్టిబొమ్మ

గల్ఫులో, బుసైతీన్ అనే చోట మేము కడుతున్న ఇల్లు రోజూ కొంత లేచేది, రోజూ కొంత పడేది. పొద్దున కట్టిన పిట్టగోడ సాయంత్రానికి ఇసుక కుప్ప మీద పడుకునేది. మెట్లయితే ఒకసారి మమ్మల్ని కూడా వెంటబెట్టుకుని కిందికి దిగాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. పడడం మాకు అంత బాగా అలవాటైపోయింది.

సిమెంటులో లోపం ఉందని ఇంజనీరు అన్నాడు. లింబాద్రి మేస్త్రి ఒప్పుకోలేదు. లోపం పక్కింట్లో ఉందన్నాడు.

పక్కింటి పెద్దమనిషి చాలా మంచివాడు. అదే మా కష్టం. రోజూ ఎండ తగ్గాక చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి, గోడను కిందినుంచి పైదాకా ప్రేమగా చూసి, "జైన్, జైన్" అనేవాడు. అంటే బాగుందని. ఆయన బాగుందన్నది ఏదీ మర్నాటికి బాగుండేది కాదు. లారీ టైరును బాగుందన్నాడు, గాలి పోయింది. లింబాద్రి కొత్త చెప్పుల్ని మెచ్చుకున్నాడు, రెండూ ఎడమకాలివని ఆ సాయంత్రమే బయటపడింది.

"గా మనిషి కండ్లు కావురా, గడ్డపారలు," అన్నాడు లింబాద్రి. "ఇంటికి దిష్టిబొమ్మ గట్టకుంటే మనం సచ్చేదాక గిదే గోడ కడ్తం."

పెయింటు డబ్బా మూత మీద తనే ఓ రాక్షసుడి మొహం గీసి కట్టాడు. పెద్దమనిషి వచ్చి దాన్ని కూడా "జైన్" అన్నాడు. మర్నాడు ఆ మూత కూడా లేదు.

వీటన్నిటిలో నష్టపోతున్నవాడు వెంకటి, మా కార్పెంటరు. ఆర్మూరు దగ్గరివాడు. భార్య కళ కడుపుతో ఉన్నప్పుడు వచ్చాడు. ఇప్పుడా బిడ్డ నడుస్తోంది, మాట్లాడుతోంది, గోడ మీది ఫొటోని "నాయినా" అని పిలిచి, అన్నం తినేటప్పుడు మొదటి ముద్ద దానికే పెడుతోంది. ఇదంతా కళ క్యాసెట్టులో మాట్లాడి పంపింది. ఇల్లు పూర్తయితేనే ఊరికి పోయే చుట్టీ అని కఫీల్ చెప్పాడు. ఆ ఇల్లు ఆయనదే, మా వీసాలూ ఆయనిచ్చినవే. పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉంది. గోడ కూలినప్పుడల్లా వెంకటి ప్రయాణం కూడా దాంతోపాటే ఇసుకలో పడేది.

ఎండలు ముదరగానే కఫీల్ కుటుంబంతో లండన్ వెళ్ళిపోయాడు. పోతూ పోతూ తుబ్లీలోని మా వర్క్‌షాపుకి ఓ పెద్ద పెట్టె పంపాడు. డ్రైవర్ లియాఖత్ భాయ్ దాన్ని పసిపిల్లలా దించాడు. మూత తీసి అందరం ఒక అడుగు వెనక్కి వేశాం.

లోపల ఒక ఆడమనిషి. గుడ్డ మీద రంగులతో గీసిన, మనిషికంటే ఎత్తు బొమ్మ. నెత్తిన కిరీటం, ఒంటిమీద ఎర్రటి అంగీ, చేతిలో కత్తి. కాటుక కళ్ళు గుడ్లగూబకు పాఠం చెప్పేలా ఉన్నాయి. నోరు మాత్రం మా కాంక్రీటు మిక్సరంత తెరిచి ఉంది.

"ఎవలిని నరుకుతుందే?" అన్నాడు వెంకటి.

"నరుకుడు కాదు భాయ్, రాగం తీస్తుంది," అన్నాడు లియాఖత్. "ఇటలీల పాటల నాటకాలుంటయంట. రాణి ఏషం గట్టిందంటే ఈమెనే కట్టాలె, గంత పేరు. మన కఫీల్ అక్కడ సద్వుకునేటప్పుడు ఈమె పాట విని రెండ్రోజులు అన్నం తినలేదంట."

మా మెస్సులో పప్పు చూసి మేమూ అలాగే ఉండేవాళ్ళం, కానీ దానికెవరూ బొమ్మ గీయలేదు.

"మంచిగ ఫ్రేము కట్టి, ఇల్లయినంక మజ్లిస్‌ల, గదే సుట్టాలు కూసునే హాల్ల, పెట్టమన్నడు," అన్నాడు లియాఖత్. "గోరు గీత పడ్డా వెంకటి చుట్టీ ఖలాస్ అన్నడు."

లింబాద్రి ఈ మాటలేవీ వినలేదు. ఆ కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. "గీమె మనకోసమే పుట్టిందిరా," అన్నాడు.

"వద్దే మేస్త్రీ! కఫీల్ చూసిండంటే నేను ఈడనే ముసలోన్నయిత!"

"ఆమె లేకున్నా ఈడనే ముసలోనివయితవు. గోడ నిలవడాలె గద?"

నేను మధ్యలో కల్పించుకుని న్యాయం చెప్పాను. "వెంకటన్నా, గోరు తగలొద్దన్నడు. ఎండ తగలొద్దని అన్లేదు గద."

"నువ్ నోర్ముయ్‌రా సామీ," అన్నాడు వెంకటి. కానీ తాడు తెచ్చింది అతనే.

బొమ్మను బుసైతీన్ తీసుకుపోయి, పరంజాకి కట్టి పక్కింటి వైపు తిప్పాం. సాయంత్రం పెద్దమనిషి చాయ్‌తో వచ్చాడు. గోడను చూశాడు. "జైన్" అనడానికి నోరు తెరిచాడు. ఎదురుగా అంతకంటే పెద్దగా తెరిచిన నోరు కనబడింది. ఆయన నోరు మూసుకుని వెనక్కి వెనక్కే నడిచి ఇంట్లోకి పోయాడు.

మర్నాడు గోడ నిలబడే ఉంది. ఆ మర్నాడూ నిలబడింది. సిమెంటు కంపెనీ మార్చాను కదా అని ఇంజనీరు అందరికీ చెప్పుకున్నాడు. పాపం, ఎవరూ వినలేదు.

వారం తిరక్కముందే పెద్దమనిషి లియాఖత్‌ని పిలిపించాడు. కళ్ళకింద నల్లటి చారలు.

"ఆమెను దింపమంటుండు," అని లియాఖత్ మాకు చెప్పాడు. "తినేటప్పుడు నోరు తెరుసుకుని చూస్తుందంట. పిల్లలు మొదటి ముద్ద కిటికీలకెల్లి ఆమెకు సూపెట్టినంకనే తింటున్నరంట."

వెంకటి తలవంచుకున్నాడు. మొదటి ముద్ద అనగానే అతనికి తన ఇల్లు గుర్తొచ్చి ఉంటుంది.

లింబాద్రి మాత్రం గంభీరంగా తలూపాడు. "చెప్పు లియాఖత్ భాయ్. ఇల్లు పూర్తిగాక ముందల దిష్టిబొమ్మను దింపొద్దు. దింపితే గా దిష్టి ఎవలింట్ల దూరుతదో తెల్వదు. ఇల్లేమో మనుషులు తక్కువుండి నడుస్తలేదు."

మర్నాడు పొద్దున్నే పక్కింటి గేటులోంచి ఆయన మనుషులు బారులు తీరి వచ్చారు. పెయింటర్లు, ప్లంబర్లు, టైల్సు వేసేవాళ్ళు, చివర్లో ఆయన వంటవాడు బిర్యానీ గిన్నెతో. వాళ్ళు చాలక ఆయనే తలకు గుడ్డ చుట్టుకుని ఇసుక జల్లించాడు. "యల్లా, యల్లా!" అని మా ఇంజనీరునే తరిమాడు. కఫీల్ తిరిగొచ్చేసరికి ఇల్లు అద్దంలా తయారైంది.

అయితే రాణిని దించి మజ్లిస్‌లో నిలబెట్టాక మా నోళ్ళు కూడా ఆమె నోరంత అయ్యాయి. ఎర్ర అంగీ గులాబీ రంగుకి దిగింది. తెల్లటి మొహం గోధుమరంగైంది. తాడు కట్టినచోట మాత్రం పాత రంగు అడ్డంగా, బస్సు కండక్టర్ సంచి పట్టీలా మిగిలింది.

కఫీల్ లోపలికి వచ్చాడు. చేతిలో వెంకటి పాస్‌పోర్టు ఉంది. బొమ్మ ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా ఏదో అన్నాడు.

"ఈమె గిట్ల లేకుండె అంటుండు," అన్నాడు లియాఖత్.

పాస్‌పోర్టు కఫీల్ జేబువైపు ప్రయాణం మొదలుపెట్టింది. వెంకటి కళ్ళు దాని వెంటే వెళ్ళాయి.

"గల్ఫుకొచ్చింది గద సాబ్," అన్నాడు లింబాద్రి చేతులు కట్టుకుని. "ఎండల డ్యూటీ చేసింది. ఈడికొచ్చినంక ఎవ్వలి రంగు నిలవడ్డది? మా వెంకటిని సూడుండ్రి."

లియాఖత్ అరబ్బీలో చెప్పాడు. కఫీల్ చెయ్యి ఆగింది. పాస్‌పోర్టు తెరిచాడు. ఫొటోలో బూరె బుగ్గలతో తెల్లటి కుర్రాడు ఎవడో ఉన్నాడు.

"కౌన్ హై యే?" అన్నాడు, తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో.

"నేనే సాబ్," అన్నాడు వెంకటి. అతని బుగ్గలు ఎప్పుడో లోపలికి పోయాయి. "నా బిడ్డ గీ మొకం ఉన్న ఫొటోనే నాయిన అనుకుంటుంది. ఇంకో ఏడాది ఉంటే నన్ను సూసి తలుపేసుకుంటది సాబ్."

లియాఖత్ దాన్ని కూడా అరబ్బీలో చెప్పాడు. కఫీల్ ఫొటోని చూశాడు, వెంకటిని చూశాడు, రాణిని చూశాడు. రాణి ఏదో అనబోతున్నట్టుంది గానీ ఆమె ఎప్పుడూ అంతే.

"ఇద్దరికీ చుట్టీ," అన్నాడు చివరికి, పాస్‌పోర్టు వెంకటి చేతిలో పెట్టి. రాణి మీద తెల్లగుడ్డ కప్పించి, గదికి ఏసీ వేయించాడు. ఆమెకు ఏసీ, మాకు పాత ఫ్యానే.

కొత్తింట్లో ఖహ్వా కాఫీ తాగడానికి పక్కింటి పెద్దమనిషి కూడా వచ్చాడు. గోడలు చూశాడు, మొహం వెలిగింది, నోరు తెరిచాడు. అప్పుడే తెల్లగుడ్డ కదిలింది. ఏసీ గాలే.

"పర్వాలేదు," అన్నాడాయన.

ఊరు చేరాక వెంకటి మాకు క్యాసెట్టు పంపాడు. బిడ్డ మొదటిరోజు తలుపు వెనకే ఉందట. తర్వాత ఫొటోని తెచ్చి, అతని పక్కన పెట్టి, కఫీల్ లాగే చాలాసేపు చూసిందట.

మొదటి ముద్ద ఇంకా ఫొటోకేనట. రెండోది మాత్రం అతనికి పెడుతోందట.