మెట్ల మీద అన్న మాట

బావ పోయిన ఐదు నెలల్లో లిఫ్టు మెకానిక్ మూడుసార్లు పని మధ్యలో వదిలేసి వచ్చేశాడు. లిఫ్టు తలుపు తెరిచి కింద గుంత కనబడగానే పానా కింద పెట్టేసేవాడు. మూడోసారి సూపర్‌వైజరు ఇంటికే ఫోన్ చేశాడు. "మీ తమ్ముణ్ణి ఎవరికైనా చూపించండమ్మా. ఇలాగైతే మనిషి దక్కడు."

ఆ ఫోన్ ఎత్తింది అక్క. బావ ఆమె భర్త. బావా, మెకానికూ పదకొండేళ్లు ఒకే జట్టుగా పనిచేశారు. మొగుడు పోయాక ఒంటరిగా ఉండలేక ఆమె తమ్ముడి రెండు గదుల ఇంటికి వచ్చేసింది. ఇద్దరి గదులకూ మధ్య ఉన్నది చెక్క గోడ. దగ్గితే అవతలికి వినబడుతుంది.

థెరపిస్టును వెతికింది అక్కే. సొంతంగా ప్రాక్టీసు చేసుకునే మనిషి, ఫోన్‌లోనే కనబడి మాట్లాడుతుంది. ఫారం కూడా అక్కే నింపింది. అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి అన్నచోట తన నంబరు రాసింది. సమస్య ఏమిటన్న గడిలో మాత్రం అతనే 'నిద్ర' అని ఒక్క ముక్క కొట్టాడు.

"ఆవిడ ముందు కూడా మొహమాటానికి తలాడించకు. రోగం దాచుకుంటే తగ్గుతుందా ఏమన్నా?" అంది అక్క.

శనివారం పొద్దున పదింటికి అతను వీధి చివర ఆపిన కంపెనీ వ్యానులో కూర్చున్నాడు. ఇంట్లో అయితే అక్కకు వినబడుతుంది. తెర మీద నెరిసిన జుట్టు ఆవిడ కనబడింది.

"ఎక్కడున్నారు? మీ మాటలు ఎవరికైనా వినబడతాయా?" అని మొదట అదే అడిగింది.

"లేదు మేడమ్. వ్యానులో ఉన్నా."

"మంచిది. లైను తెగితే నేనే చేస్తాను, కంగారు పడకండి. మీరు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. మీ అక్కగారు అడిగినా చెప్పను. ప్రాణాల మీదికి వచ్చేలా ఉంటే మాత్రం ఊరుకోను, కానీ ముందు మీకు చెప్పే చేస్తాను."

"జరిగిపోయిన దాని సంగతి?"

"కోర్టు అడిగితే వేరే సంగతి. లేకపోతే బయటికి పోదు."

ఏదో మాత్ర రాసిస్తుందనీ, ధైర్యంగా ఉండమంటుందనీ అనుకున్నాడు. రెండూ జరగలేదు. తిండి, నిద్ర, తాగుడు, ఇంట్లోవాళ్లు, అన్నీ ప్రశ్నలే. "మందులు నా పని కాదు. మొదట్లో కొన్ని వారాలు మనసులో బరువు పెరిగినట్టే ఉంటుంది. నాతో కుదరదనిపిస్తే చెప్పండి, నొచ్చుకోను" అంది. యాభై నిమిషాలు అయ్యాయి. ఇంటికి వచ్చేసరికి జ్వరం వచ్చి లేచినట్టు ఒళ్లంతా నీరసం.

"ఏమందిరా?" అంది అక్క.

"నిద్ర గురించి అడిగింది."

రెండో వారం ఆవిడ, "మీ బావగారు పోయిన రోజు మీరెక్కడున్నారు?" అంది. అతను ఫోన్ పెట్టేశాడు. నిమిషంలో ఆవిడే చేసింది.

"నెట్ పోయింది మేడమ్."

"సరే. నెట్ వచ్చినప్పుడే మాట్లాడుకుందాం" అంది తాపీగా.

మూడో వారం అతను చెప్పాడు. బావ కింద గుంతలోకి దిగాలి. అతను పైకి వెళ్లి మెయిన్ స్విచ్ ఆపి, తాళం వెయ్యాలి. మెట్లెక్కుతుండగా బావ ఫోన్ చేసి, "ఆపేశావా?" అన్నాడు. ఇంకా రెండంతస్తులున్నాయి. అయినా "ఆపేశా, దిగు" అన్నాడు ఇతను. ఈలోగా ఏ అంతస్తులోనో ఎవరో బటన్ నొక్కారు. లిఫ్టు కిందికి, బావ ఉన్న గుంత మీదికి వెళ్లింది. తర్వాత అతను పైకి పరుగెత్తి, ముందే ఆపినట్టుగా స్విచ్ ఆపి, తాళం వేశాడు. స్విచ్ పాడైందని కంపెనీ కాగితాల మీద రాసుకుంది. అతను కాదనలేదు.

"నా తప్పు లేదంటారా?"

"అనలేను" అంది ఆవిడ మెల్లగా. "మీరు అబద్ధం చెప్పారు. ఆయనకు కీడు తలచి చెప్పలేదు. ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పండి. చచ్చిపోవాలనిపిస్తోందా?"

"మొదట్లో అనిపించేది. ఇప్పుడు లేదు."

అనిపిస్తే ఎవరికి ఫోన్ చేస్తాడో అతని నోటితోనే చెప్పించింది. అక్కకు చెప్పమని గానీ, వద్దని గానీ అనలేదు. ఆ తర్వాత రెండు వారాలు, చెబితే ఏమవుతుంది, చెప్పకపోతే ఏమవుతుంది అన్నదే వాళ్ల మాట.

ఆదివారం మధ్యాహ్నం అక్క బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పేశాడు.

ఆమె చేతిలో దుప్పటి సగం మడతలోనే ఆగిపోయింది. "ఎందుకురా అలా అన్నావు?"

"రెండంతస్తులే కదా అనుకున్నా అక్కా."

"ఆయనకి తెలిసిందా? నొప్పి తెలిసిందా?"

"తెలీదక్కా. నేను వచ్చేసరికే..."

నాలుగు రోజులు ఆమె పలకలేదు. అన్నం వండి మూతపెట్టి గదిలోకి వెళ్లిపోయేది. ఐదో రోజు పెట్టె సర్దుకుంది, ఆడపడుచు ఇంటికి వెళ్తానంది. గుమ్మం దగ్గర ఆగి, అతని మొహం చూడకుండానే, "ఆ మేడమ్ దగ్గర మానకు" అంది.

ఆ వారమే అతను కంపెనీలో ఉన్నదున్నట్టు రాసిచ్చాడు. విచారణ తేలేదాకా లిఫ్టుల దగ్గరికి పోవద్దన్నారు. ఇప్పుడు ఆఫీసులో కూర్చుని ఫిర్యాదుల ఫోన్లు ఎత్తుతున్నాడు. రాత్రుళ్లు మూడు గంటలు నిద్ర పడుతోంది. ఇంతకుముందు అదీ లేదు.

రెండు నెలలు గడిచాక అక్క ఒకసారి ఫోన్ చేసింది. "తిన్నావా?" అంది. "తిన్నా" అన్నాడు. అవతల చాలాసేపు ఊపిరి చప్పుడే వినబడింది. ఆమె పెట్టేసేదాకా అతను ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నాడు.