తుంచేసిన రేకు

మా షెడ్డులో బ్రేకులు వేయించుకున్న బండి కుయ్యిమనదు, కయ్యిమనదు. ఈ మాట పాతికేళ్లుగా కనపడ్డవాడికల్లా చెప్పుకుంటూ వచ్చాను. అందులోని గుట్టు మాత్రం ఎవరికీ చెప్పలేదు. బ్రేకు ప్యాడ్‌కి ఓ చిన్న ఇనపరేకు ఉంటుంది. ప్యాడ్ అరిగి చివరికొచ్చాక అది చక్రం వెనకున్న డిస్కుకి రాసుకుని కీచుమంటుంది, ఇక మార్చుకోమని. ఒక్కోసారి కొత్తలోనే ఊరికే కీచుమంటుంది కూడా. అలా ఓ పెద్దమనిషి వారంలో మూడుసార్లు తిరిగొచ్చి, పని చేతకాకపోతే షెడ్డు మూసుకోమన్నాడు. నాకసలే ముక్కుమీద కోపం. ఆ రోజునుంచి ప్యాడ్ బిగించే ముందు ఆ రేకుని కట్టరుతో తుంచిపారేయడం అలవాటు చేసుకున్నాను.

మా అక్క యాభై దాటాక కారు నేర్చుకుంది. రక్తపరీక్షల ల్యాబులో పని తనది. పొద్దున్నే ఇంటింటికీ వెళ్లి, మంచం దిగలేనివాళ్ల దగ్గర రక్తం తీసి, ఆ గొట్టాలని ఐసు పెట్టెలో పెట్టుకుని తేవాలి. రెండేళ్లుగా తన చిన్న కారులో ఒక్కతే తిరుగుతోంది. బావకి అది మొదటినుంచీ గిట్టదు. అక్క కారు తీస్తే గోడలన్నీ పక్కకి జరిగి దారిస్తాయని నలుగురిలో హాస్యాలాడేవాడు.

ఓ ఆదివారం వాళ్లింట్లో భోజనాలు చేస్తుంటే, ముందు చక్రంలో గరగరమని చప్పుడొస్తోందని అక్క నాతో చెప్పింది. కారు వాకిట్లోనే ఉంది. లేచి పది అడుగులు వేస్తే చక్రం కనపడేది. లేవలేదు. చక్రం విప్పకుండానే రోగం చెప్పేస్తానని నాకో పొగరు, అందులోనూ చుట్టూ జనం ఉంటే మరీను.

"బ్రేకు మీద కాలు తియ్యకుండా నడుపుతున్నావక్కా. నీ కాలే దాన్ని తినేస్తోంది" అన్నాను.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా బావ నవ్వాడు. అక్క కంచంలోకి చూస్తూ ఉండిపోయింది.

బుధవారంనాడు అక్క ఓ సందు మలుపులో కారుని ప్రహరీగోడకి కొట్టింది. బంపరు సొట్టపోయింది గానీ ఎవరికీ ఏమీ కాలేదు. బావకి ఆ మాత్రం చాలు. తాళాలు జేబులో వేసుకుని, వారం తిరక్కుండా కారుకి బేరం కుదిర్చాడు. కొనేవాడు సాయంత్రం వస్తాడని, ఆలోగా బ్రేకులు బాగుచేసి పెట్టమని, కారుని తనే నా షెడ్డుకి తోలుకొచ్చాడు. వెనకే అక్క బస్సులో వచ్చింది. ఆ వారమంతా ఐసు పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సుల్లో తిరిగిందట. స్టూలు లాక్కుని కూర్చుంది. బావ బయట నిలబడి ఫోనులో బేరగాడితో మాట్లాడుతున్నాడు.

జాకీ ఎత్తి ఎడమ ముందు చక్రం విప్పాను. డిస్కుకి అటూ ఇటూ ఉండే రెండు ప్యాడ్లలో బయటివైపుది సగానికి పైగా ఉంది. లోపలివైపుది మాత్రం పూర్తిగా అరిగిపోయి, ఒట్టి ఇనుము డిస్కుని గీకేస్తోంది. డిస్కంతా గీతలు పడింది. అనుమానమొచ్చి కుడి చక్రం కూడా విప్పాను. అక్కడ రెండు ప్యాడ్లూ బాగానే ఉన్నాయి. బ్రేకు మీద కాలు పెట్టి నడిపితే అన్నీ ఒక్కలాగే అరుగుతాయి. ఇక్కడ అరిగింది ఒక్కటే. అంటే ప్యాడ్లని ముందుకీ వెనక్కీ జరగనిచ్చే పిన్ను ఎండి బిగుసుకుపోయింది. కిందటేడు ఈ ప్యాడ్లు వేసినప్పుడు దానికి గ్రీజు పెట్టాల్సింది నేనే. ఇక అరిగిన ప్యాడ్ మూల చూస్తే రేకు లేదు, నా కట్టరు గాటు ఉంది. ఆ రేకే ఉంటే గరగరకి చాలా ముందే కీచుమని చెప్పేది.

తల తీసేసినట్టయింది. ప్యాడ్‌ని గుడ్డకింద పెట్టేశాను.

"నా కాలు వల్లేనా?" అని అడిగింది అక్క.

"అలవాటు కదక్కా, ఏం చేస్తాం" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది. ఆవిడ నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి.

అక్క తలూపింది. "అమ్మేయడమే మంచిదిలేరా. నువ్వలా అన్నాక బ్రేకు ముట్టుకోవాలంటేనే భయమేసేది. ఆ సందులోనూ అంతే. ఇప్పుడు తొక్కితే ఇంకా అరిగిపోతుందేమో, ఇంకాస్త ఆగి తొక్కుదాం అనుకున్నాను. గోడ వచ్చేసింది."

నా చేతిలో స్పానరు కింద పెట్టేశాను. గుడ్డ తీసి, ప్యాడ్ ఆవిడ చేతికిచ్చి, పిన్ను సంగతీ రేకు సంగతీ అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేకపోయాను. అక్క ఆ గాటుని బొటనవేలితో తడిమి చూసింది. తిట్టినా బాగుండేది.

"ఇంకెన్ని బండ్లకి తుంచావురా?" అంది.

నాకు లెక్క తెలియదు. అందరినీ పిలిపించి మారుస్తానన్నాను. "ముందు మీ బావతో చెప్పు" అంది అక్క.

బయటికెళ్లి బావని ఫోను పెట్టేయమన్నాను. తప్పు అక్క కాలుది కాదు, నాదని, ఆ రోజు అందరి ముందూ తెలిసీ తెలియకుండా కూశానని చెప్పాను. ఏదైతేనేం, బేరం కుదిరిపోయింది కదా అని బావ గొణిగాడు. వెనకే వచ్చిన అక్క చెయ్యి చాచింది. బావ నావైపు చూశాడు. నేను నేలచూపులు చూశాను. చివరికి తాళాలు ఆవిడ చేతిలో పెట్టాడు.

రెండువైపులా కొత్త డిస్కులూ కొత్త ప్యాడ్లూ వేశాను. పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టాను. రేకుల జోలికి వెళ్లలేదు. పని పూర్తయ్యాక అక్కని నడపమని, నేను పక్కన కూర్చున్నాను. కారు మెత్తగా కదిలింది. గరగర లేదు, కీచు లేదు. వీధి చివర మలుపు ఇంకా చాలా దూరంలో ఉంది. దారిలో ఒక్క మనిషి లేడు. రెండేళ్లు ఊరంతా ఒంటరిగా కారులో తిరిగిన మా అక్క, స్టీరింగుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నన్నడిగింది.

"ఇప్పుడు తొక్కనా?"