మైకు ముందు రెండు నిమిషాలు

బడి అసెంబ్లీలో ప్రార్థన మొదలై మూడు నెలలైనా కాలేదు, దాని మీద ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది.

హెడ్మాస్టారు ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి, ఎగిరిపోతుందేమో అన్నట్టు రెండు చేతులూ దాని మీద ఆనించి, లెక్కల టీచరును పిలిపించారు. ఆ ప్రార్థన ఆమె చలవే. సెలవులు ముగిసి బడి తెరిచిన వారంలోనే ఆమె ఆయన గదిలో తిష్ట వేసి, పిల్లలు రోజూ కొట్టుకు చస్తున్నారనీ, నోరు తెరిస్తే బూతులనీ, పొద్దున్నే రెండు నిమిషాలు దేవుణ్ణి తలుచుకుంటే ఎవరి కొంపా మునగదనీ చెప్పి ఒప్పించింది. ఎవరేం చెప్పినా "అదీ నిజమే" అనే మనిషి ఆయన. అలా రోజూ మైకు ముందు నిలబడి, "ప్రభువా" అని మొదలుపెట్టి ఆరువందల మంది చేత ఆమేన్ అనిపించే పని ఆమెకే దక్కింది. శేషం ఎంతొచ్చిందని అడగందే పాఠం ముగించదని పిల్లలు ఆమెను శేషం టీచరనేవారు. ఇప్పుడు ఆమేన్ టీచరంటున్నారని తెలిసి లోలోపల మురిసిపోయింది కూడా.

"చదవండి," అన్నారు హెడ్మాస్టారు.

టైపు చేసిన నాలుగే వాక్యాలు. 'బడిలో ప్రార్థన ఆపించండి. పిల్లల్లో సగం మంది పెదవులు మాత్రమే కదుపుతున్నారు. ఇష్టం లేనివాడికి తప్పించుకునే దారి లేదు. దేవుడి ముందు నటించడం మనమే నేర్పుతున్నాం.' కింద పేరు లేదు.

"ఎవరి పనంటారు?"

"నాకేం తెలుసమ్మా? పైఆఫీసుకు కూడా రాశారంటే మాత్రం నా వల్ల కాదు. ముందే చెబుతున్నా."

ఆమె గదిలోంచి బయటికొచ్చేసరికే మనసులో ఒక పేరు ఖాయమైపోయింది. పెదవులు కదుపుతున్నారని చెప్పాలంటే ఆ మైదానంలో నిలబడి చూసినవాళ్లే చెప్పాలి. అందరూ కళ్లు మూసుకునే వేళ కళ్లు తెరుచుకునే ఉండే మనిషి ఆ బడిలో ఒక్కడే. డ్రాయింగు మాస్టారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ మాటే అంది. భర్త కళ్లజోళ్ల దుకాణం మూసి అప్పుడే వచ్చాడు. మామగారు ముప్పై ఏళ్లు పాస్టరుగా చేసి మానేసిన మనిషి. కంచం ముందు కళ్లు మూసుకుంటే కూర చల్లారేదాకా తెరవరని ఇంట్లో వేళాకోళం.

"ఆయన కళ్లు తెరిచి ఉన్నాయని నీకెలా తెలిసింది?" అన్నాడు భర్త. "నువ్వూ తెరిచినట్టేగా?"

"నేను మైకు దగ్గర ఉంటానండీ. నాకు కనబడుతుంది."

"మావాడి మాటలకేం గానీ, అమ్మాయ్," అన్నారు మామగారు, "ఉత్తరంలో రాసింది అబద్ధమా?"

"అబద్ధమో నిజమో, పేరు పెట్టుకునే దమ్ము లేదు కదా మావయ్యా!"

ఆయన మంచినీళ్ల గ్లాసు అందుకున్నారు.

మర్నాటి నుంచీ ఆమె ప్రార్థన నోటితో ఒకటి, కళ్లతో ఒకటి అయింది. డ్రాయింగు మాస్టారు ఎవరివైపు చూస్తున్నాడు? వరండాలో నిలబడ్డ గుమాస్తా ఎందుకు నవ్వాడు? ఎనిమిదో తరగతి వరసలో ఆ పొడుగు జడల పిల్ల ఆమేన్ అన్నదా, ఆవలించిందా? ఈ పిల్లలకు వెనక నుంచి ఎవరో నూరిపోస్తున్నారు. స్టాఫ్‌రూములో తను అడుగు పెట్టగానే మాటలు ఆగిపోతున్నట్టు తోచేది. ఆగేవో లేదో, ఆమెకు మాత్రం అలాగే వినబడేది. ఒకరోజు "నిన్నటిలాగే ఈరోజు కూడా మమ్మల్ని కాపాడు" అనబోయి, "నిన్నటిలాగే ఈరోజు కూడా మమ్మల్ని కనిపెట్టు" అంది. ఎవరూ పట్టించుకోలేదు. తనకే ఆ తేడా వినబడింది.

పదిహేను రోజులకు రెండో ఉత్తరం వచ్చింది. అవే అక్షరాలు, అదే మాట, ఇంకాస్త మెత్తగా. ఆమెకు మెత్తదనంలోనే విషం కనబడింది. ఆ మధ్యాహ్నం గంట కొట్టగానే, డ్రాయింగు మాస్టారు టీకి బయటికెళ్లడం చూసి, నేరుగా ఆయన గదిలోకి నడిచింది.

గదంతా టర్పెంటైను వాసన. కిటికీ గట్టు మీద కుంచెలు తలకిందులుగా నిలబెట్టిన సీసాలు. బల్ల సొరుగు లాగింది. ఎండిపోయిన రంగుల ట్యూబులు, పెన్సిలు చెక్కిన పొట్టు, వాటి కింద దళసరి కాగితాల కట్ట. దొరికాడు అనుకుంది.

ఉత్తరాలు కావవి. బొమ్మలు. అసెంబ్లీలో పిల్లలు. ఒకడు ఒంటికన్ను తెరిచి పక్కవాడి జేబులోకి చూస్తున్నాడు. ఒకడు గోళ్లు కొరుక్కుంటున్నాడు. ఒక చిన్నపిల్ల చేతులు గుండెకు హత్తుకుని, లోకం మరిచి, నిజంగానే ప్రార్థిస్తోంది. ఆఖరి కాగితం మీద మైకు ముందు ఒక మనిషి. తల వంచి ఉంది. చేతులు జోడించి ఉన్నాయి. ఎడమ కన్ను సగం తెరిచి, కనుబొమ ముడిచి, పక్కకు చూస్తోంది. అది తనే.

"బాగా వచ్చిందా టీచర్ గారూ?"

గుమ్మంలో డ్రాయింగు మాస్టారు. చేతిలో టీ గ్లాసు. ఆమె సొరుగు మూయబోయింది. అది ఇరుక్కుంది.

"ఉత్తరాల కోసమా?" అన్నాడాయన, కోపం లేకుండానే. "నేను రాస్తే సంతకం పెట్టే రాస్తానండీ. బొమ్మ గీసినా మూల పేరు పెట్టుకునే అలవాటు."

"మరి మీరు కళ్లెందుకు మూయరు?"

"నాకు ప్రార్థన అలవాటు లేదు. మూసుకుంటే అబద్ధమవుతుంది. పైగా ఆరువందల మంది పిల్లల ముందు పెద్దవాళ్లందరం కళ్లు మూసుకుంటే వాళ్లని చూసేదెవరు?" ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. "మీ గొంతు నాకిష్టమే. మొదట్లో మీరు నిజంగా ఎవరితోనో మాట్లాడుతున్నట్టుండేది. ఈ మధ్య హాజరు తీసుకుంటున్నట్టుంది."

ఆమె బయటికి వచ్చేసింది. క్షమించమని అడగాలని తట్టలేదు. ఇంత తియ్యగా మాట్లాడాడంటే ఇంకా అనుమానించాల్సిందేనని తట్టింది.

రాత్రి అన్నం కెలుకుతూ కూర్చుంది. భర్త గుచ్చిగుచ్చి అడిగితే జరిగింది చెప్పింది. "వేరేవాళ్ల సొరుగు వెతికావా?" అని అతను నోరు తెరిచాడు. మామగారు చెయ్యి కడిగేసుకుని తన గదిలోకి వెళ్లిపోయారు. తన మీద అసహ్యం వేసిందేమో అనుకుంది.

మూడో రోజు పొద్దున హెడ్మాస్టారు మళ్లీ పిలిపించారు. ఈసారి కూర్చోమన్నారు. కాగితాన్ని ఆమెవైపు తోసి, కిటికీలోంచి బయటికి చూడసాగారు.

"సంతకం ఉందమ్మా."

చేత్తో రాసిన ఉత్తరం. వణుకుతూ కుడివైపు వాలే అక్షరాలు. ఆ అక్షరాలు ఆమెకు బాగా తెలుసు. తనకు బిడ్డ పుట్టినప్పుడు ఆశీర్వాదం రాసిన అక్షరాలు. 'మొదటి రెండు ఉత్తరాలూ నావే. పేరు దాచుకోవడం నా పిరికితనం. దానివల్ల ఏ పాపం ఎరగని ఒక ఉపాధ్యాయుడి మీద నింద పడింది. అందుకు ఆయనకు క్షమాపణ చెప్పుకుంటున్నాను.' కింద మామగారి సంతకం.

ఆ రోజు పాఠం ఎలా చెప్పిందో ఆమెకే తెలియదు. ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఆయన గది గుమ్మంలో నిలబడింది.

"నాతో చెప్పచ్చుగా మావయ్యా! ఒకే ఇంట్లో ఉండి, నా కంచం పక్కన కూర్చుని..."

"చెప్పాల్సింది," అన్నారాయన. "ఇంట్లో గొడవెందుకనుకున్నా. నీ ఉత్సాహం చూసి భయపడ్డా. జిరాక్సు కొట్లో కుర్రాడితో టైపు చేయించా, నువ్వు అక్షరాలు గుర్తుపడతావని. తప్పే. ఆ మాస్టారి సొరుగు వెతికావని విన్నాక ఇక పడుకోలేకపోయా."

"పాస్టరై ఉండి ప్రార్థన ఆపమంటారా మీరు?"

"కూర్చో అమ్మాయ్."

ఆమె కూర్చోలేదు. ఆయన నిలబడ్డ మనిషితోనే చెప్పారు.

"మా చిన్నప్పుడు మా బడిలోనూ పొద్దున్నే ప్రార్థన ఉండేది. మనది కాదు, వేరే మతంవాళ్లది. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. మంచే జరుగుతుందనుకున్నారు, నీలాగే. నేను పెదవులు కదిపేవాణ్ణి. ఒకరోజు మా అమ్మ అడిగింది, బడిలో నువ్వేం చేస్తావురా అని. ఊరికే నిలబడతానని అబద్ధమాడా. ఆవిడ నమ్మింది. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. రోజూ వాకింగుకొచ్చి మీ బడి గోడ పక్కన నిలబడతా. మీ పిల్లల నోళ్లు చూస్తే నా నోరే కనబడుతుంది. ప్రభువు తలుపేసుకుని ప్రార్థించమన్నాడు. అక్కడ పెదవులు కదిపి ఎవర్నీ మోసం చెయ్యలేం."

"ఆయనే నలుగురి ముందూ నన్ను ఒప్పుకోమన్నాడు కదా! ఇంట్లో దేవుడి మాటే వినబడని పిల్లలున్నారు. వాళ్లకి ఆ రెండు నిమిషాలే దిక్కు. అదీ తీసేస్తే?"

"నువ్వు ఒప్పుకో. వాళ్ల నోటితో నువ్వు ఒప్పుకోకు."

ఆమెకు ఆ మాట అప్పుడు మింగుడు పడలేదు. ఆ వారమంతా ఆయనకు టీ ఇచ్చింది గానీ మొహం చూడలేదు. ఆయన బల్ల ముందు కూర్చుంటే చాలు, ఎవరికి రాస్తున్నారో అని మెడ సాచేది. కానీ మైకు ముందు నిలబడ్డ ప్రతిసారీ గోడ అవతల ఒక ముసలి తల ఉందేమోనని వెతికేది. వెతుకుతూ ప్రార్థన చేయడం చేతకావడం లేదని ఐదో రోజున తనే హెడ్మాస్టారితో చెప్పింది. ఇక అసెంబ్లీలో వద్దు. పొద్దున గంటకు పావుగంట ముందు తన తరగతి గది తెరిచి ఉంచుతుంది, కావాలనుకున్నవాళ్లు రావచ్చు.

"అదీ నిజమే," అన్నారాయన, ఊపిరి పీల్చుకుని.

తర్వాత స్టాఫ్‌రూములో, అందరూ వింటుండగా, డ్రాయింగు మాస్టారిని క్షమించమని అడిగింది. ఆయన లేచి నిలబడి, "సొరుగు మాత్రం ఇంకా మూసుకోవడం లేదండీ," అన్నాడు. గుమాస్తా పకపకా నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది, ఏడుపుతో కలిసి.

మొదటిరోజు ఐదుగురు వచ్చారు. ముందు బెంచీలో సర్దుకుని కూర్చున్నారు. ఆమె మనసు నిండిపోయింది. ఆరువందల మంది కంటే ఈ ఐదుగురే ఎక్కువనిపించింది. ఇంతలో ఒకడు చెయ్యెత్తాడు.

"టీచర్, రోజూ వస్తే లెక్కల్లో మార్కులు ఎక్కువేస్తారా?"

ఆమె వాడి వంక చూసింది. ఈ ప్రశ్న ఇన్నాళ్లూ ఆ మైదానంలో ఎంతమంది మనసులో ఉండి ఉంటుందో!

"ఒక్క మార్కు కూడా రాదు. రాకపోతే పోయేదీ లేదు."

వాడు పక్కవాడి వంక చూశాడు. ఇద్దరూ సంచులు భుజాన వేసుకుని, నమస్కారం పెట్టి, బయటికి పరుగెత్తారు. ముగ్గురు మిగిలారు. ఆమె వెళ్లి వాళ్ల పక్కనే ఆ ఇరుకు బెంచీలో కూర్చుని, మోకాళ్లు ముడుచుకుని కళ్లు మూసుకుంది. ఆ ముగ్గురూ కళ్లు మూసుకున్నారో లేదో ఆమె చూడలేదు.