పడమటి వేపచెట్టుకు బొట్టు

మా ఆయన రోశయ్యకు రాయి తప్ప ఇంకోటి తెలియదు. దాచేపల్లి దగ్గర నాపరాతి గనిలో పని. అందుకని మా ఇంటికి గోడలూ రాళ్ళే, కప్పూ రాళ్ళే. ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఇంట్లో ఉండడమంటే కాలే పెనం మీద కూర్చోవడమే. పోయిన రోహిణికార్తెలో మా తొలిచూలు పిల్ల ఆ వేడికి తట్టుకోలేక చేజారిపోయింది. మళ్ళీ నెల తప్పగానే చెప్పేశాను.

"ఈ రాళ్ళ కొంపలో నేను కననయ్యా. చెక్క ఇల్లు కడతావా, నన్ను పుట్టింటికి పొమ్మంటావా?"

ఆయన సరేనన్నాడు. బిడ్డ పోయిన దుఃఖం ఆయనకు మాత్రం లేదా? కానీ కలపెక్కడిది? యుద్ధం పుణ్యమా అని నరసరావుపేట అడితిలో ఉన్న కలపంతా మిలిటరీవాళ్ళ పాలవుతోంది. దాంతో ఆయన కన్ను ఇంటికి పడమటివైపున్న వేపచెట్టు మీద పడింది.

"అది కొట్టేస్తే సాయంత్రం ఎండంతా ఇంట్లోకే గదయ్యా! ఇంక చెక్క ఇల్లు కట్టి ఏం లాభం?" అని మొత్తుకున్నాను.

"దూలం లేకుండా ఇల్లు గాల్లో నిలబెడతానా ఏంది? ఊరుకో ఎహె!"

మా అత్త పోలమ్మ అరుగు మీద కూర్చుని అంతా వింటోంది. ఒక్క మాట అనలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. కన్నకొడుక్కి కూడా చెప్పలేకపోతే ఎట్లా? మామ పోయినప్పటినుంచీ ఆమె అంతే. తన కుంకుమ భరిణె ఆనాడే నా చేతిలో పెట్టేసి, మళ్ళీ దాని వంక చూడలేదు. శుభకార్యమంటే గోడచాటుకు తప్పుకునేది. తను ఎదురైతే ఎవరికేం కీడు జరుగుతుందోనని భయం.

మర్నాడు పొద్దున చెట్లు కొట్టే చిన్నకోటయ్య గొడ్డలి భుజాన వేసుకుని వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే ఆగిపోయాడు. వేపమానుకు నిండా పసుపు, మధ్యలో అరచెయ్యంత కుంకుమ బొట్టు!

"అమ్మో! అంకమ్మ తల్లి వెలిసిందిరా రోశయ్యా!" గొడ్డలి కింద పెట్టి లెంపలు వేసుకున్నాడు. "నన్ను చంపినా దీనిమీద దెబ్బ వెయ్యను."

మా ఆయన నావైపు గుడ్లురిమి చూశాడు. "ఏమే, ఇది నీ పనేనా?"

"నా కడుపులో బిడ్డ మీద ఒట్టు, నేను కాదు!"

నిజంగానే నేను కాదు. ఆ తెలివి నాకు తట్టనందుకు ఉక్రోషం కూడా వచ్చింది.

"మరి దూలానికి నేనేం చావను?" అని ఆయన తల పట్టుకున్నాడు. అప్పుడు మా అత్త మెల్లిగా అంది. "చేను గట్టున పోతుతాళ్ళు ఉన్నయ్యి గదరా. కాయా లేదు, పండూ లేదు. చానా ముదురు చెట్లు. చేవదేలి ఇనుము లాగుంటయ్యి."

ఆ తాటిచెట్లే మాకు నిలువు నిట్రాళ్ళు, దూలాలు, వాసాలు అయ్యాయి. చీల్చిన బద్దలతో దడి కట్టి మట్టి మెత్తాం. గోడకూ కప్పుకూ నడుమ మూరెడు సందు నేనే వదిలించాను, వేడిగాలి బయటికి పోవాలి కదా! పైన దట్టంగా తాటాకు. మా ఆయన ముచ్చట కాదనలేక రాళ్ళను కాళ్ళకిందికి పరిపించాను. పడమట వేపచెట్టు నీడ అట్లాగే ఉంది.

వైశాఖంలో కూతురు పుట్టింది. వెనకాలే రోహిణికార్తె. బయట నేల భగభగమంటుంటే, దూలానికి వేలాడే ఉయ్యాల్లో నా బిడ్డ హాయిగా నిద్రపోయేది. నుదురు తాకి చూస్తే చల్లగా ఉండేది. హమ్మయ్య అనుకునేదాన్ని. మా అత్త మాత్రం రోజూ కునుకైనా తియ్యకుండా ఉయ్యాల పక్కనే కూర్చునేది.

కార్తె ఆఖరి రోజు మధ్యాహ్నం అడిగింది. "కార్తె పోయినట్టేనంటావా?"

"ఇయ్యాల్టితో సరి అత్తా."

అంతే, భోరున ఏడ్చేసింది. "ఆ చెట్టుకు బొట్టు పెట్టింది నేనేనే. మొగుడు లేనిదాన్ని, భరిణె ముట్టుకున్నా. నా చెయ్యి తగిలిన పాపం పిల్లకెక్కడ కొడతదోనని ఇన్నాళ్ళూ బిక్కుబిక్కుమంటా బతికినా."

నోరు లేని మనిషని ఈమెనా నేను లోలోపల తిట్టుకుంది! లేచి వెళ్ళి భరిణె తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

"శుక్రవారం గదా. చెట్టుకు బొట్టు నువ్వే పెట్టత్తా."

"ఓసినీ! ఎవరన్నా చూస్తే?"

"చూస్తే అంకమ్మనే అడగమను. మొదట ఆమె పెట్టించుకుంది నీ చేతనేగా!"

అటూ ఇటూ చూసుకుంటూ వెళ్ళి పెట్టి వచ్చింది. వేలికి ఇంకా కాస్త కుంకుమ మిగిలి ఉంది. ఉయ్యాల దగ్గర ఒక్క క్షణం ఆగి, నిద్రపోతున్న మనవరాలి నుదుట పెట్టింది.